హెల్మెట్ల అన్నయ్యగారు

మొన్న శుక్రవారం కరివేపాకు కోసం ఇండియన్ గ్రోసరీకి వెళ్ళి బయటికి వస్తుంటే, తలుపు పక్కన కొత్తగా పెట్టిన మిషన్ ఒకటి కనిపించింది. నాణెం వేసి పిడి తిప్పితే ప్లాస్టిక్ బంతి రాలుతుంది. బంతిలో ఏదో ఒక బొమ్మ ఉంటుంది. అద్దంలోంచి తొంగి చూస్తే ఉంగరాలు, బల్లులు, వాటి మధ్య బొటనవేలంత ఫుట్‌బాల్ హెల్మెట్లు. మావారు కారులో కూర్చుని హారన్ కొడుతున్నా వినిపించుకోకుండా నాణెం వేశాను. రబ్బరు బల్లి వచ్చింది. బల్లి మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో రాసి ఉంటుంది గానీ రబ్బరు బల్లి సంగతి పెద్దలు చెప్పినట్టు లేదు. ఇంకో నాణెం వేశాను. ఈసారి హెల్మెట్.

బంతి విప్పగానే ముందు హెల్మెట్ మొహం మీది జాలీ చూశాను. బూడిద రంగులో ఉంది. అంటే పాతకాలపు తీరు. తరవాత నడినెత్తిన పాపిడి. ఆ తరవాత రెండు చెవుల దగ్గరా ఉన్న బొమ్మ, అటూ ఇటూ కూడా ముందుకే చూస్తోందా లేదా అని. అంతా సరిగ్గానే ఉంది. కారెక్కాక మావారు, ఈ వయసులో నీకు దీనికి రెండు నాణేలా అని నవ్వారు. నేను దాన్ని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన కూడా ముందు జాలీయే చూశారు.

అలా చూడడం మాకు నేర్పిన మనిషి పోయి మొన్న కార్తీకానికి ఏడాది నిండింది. ఇక్కడ టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో మా తెలుగు పిల్లలందరికీ ఆయన హెల్మెట్ అంకుల్. నాకు అన్నయ్యగారు.

ఆయన భార్య, మా వదినగారు, శనివారం శనివారం వాళ్ళింట్లో పారాయణం పెట్టేది. మేం ఏడెనిమిది మంది ఆడవాళ్ళం చేరేవాళ్ళం. దేవుడి గదిలో అంతమందీ పట్టం కనుక హాల్లోనే చాపలు పరిచేది. ఆ హాలుకి మూడు గోడల పొడవునా అద్దాల బీరువాలు, బీరువాల నిండా హెల్మెట్లు. కొబ్బరికాయంతవి కొన్ని, నిమ్మకాయంతవి బోలెడు, రేగిపండంతవి ఒక పళ్ళెం నిండా. మొదటి రోజు నేను కళ్ళు మూసుకుని కూర్చున్నానే గానీ, మధ్యలో ఎప్పుడు తెరిచినా ఆ జాలీల వెనకనుంచి ఎవరో నా ఉచ్చారణలో తప్పులు వెతుకుతున్నట్టే అనిపించింది.

ఇక్కడి ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ. గుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, అవతలివాళ్ళు వాడిమీద పడతారు. తలలు పగలకుండా హెల్మెట్లు. ఆ ఆట గురించి నాకు తెలిసింది అంతే. కొన్నాళ్ళకి అన్నయ్యగారికి తెలిసింది కూడా అంతేనని బయటపడింది. ఆట చూడ్డానికి స్టేడియానికి వెళ్ళేవారు, బైనాక్యులర్స్ పట్టుకుని మరీ. ఆట సగం అయ్యేసరికి తిరిగొచ్చేసేవారు. ఎవరు గెలిచారండీ అని మావారు అడిగితే కాస్త ఆలోచించి, "పసుపు పాపిడివాళ్ళు అనుకుంటానండీ. వాళ్ళే ఎక్కువ ఎగురుతున్నారు" అనేవారు. మావారు ఆటంటే పడిచచ్చే మనిషి. ఆ జవాబుకి ఆయన మొహం చూడాలి.

పాపిడి, జాలీ, డిప్ప, గడ్డం పట్టీ. ఇవన్నీ అన్నయ్యగారి మాటలే. హెల్మెట్‌కి ముందునుంచి వెనక్కి నడిమధ్యన పోయే గీత పాపిడి. మొహానికి అడ్డం ఉండే కమ్మీలు జాలీ. ఇంగ్లీషు పేర్లు ఆయనకి రాక కాదు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడ రోడ్లు, వంతెనలు డిజైన్ చేసిన ఇంజినీరు. కానీ వదినగారికీ మాకూ చెప్పాలంటే ఈ మాటలే దగ్గరగా ఉంటాయని ఆయన నమ్మకం. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు, మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువే నాది. పాపిడి అనగానే నాకు అంతా అర్థమైపోయింది. అలా నేర్పేవాళ్ళు దొరకడం నా అదృష్టం.

ఆయన చెప్పేదాంట్లో అసలు విషయం మార్పులు. ఏ జట్టు హెల్మెట్ ఏ కాలంలో ఎలా ఉండేది, ఎప్పుడు రంగు ముదిరింది, ఎప్పుడు పాపిడి పోయింది, బొమ్మలో గుర్రానికి కోపం ఎప్పుడొచ్చింది. ఇది మాత్రం నిజం. పాత హెల్మెట్ల మీద జంతువులన్నీ సాధుజీవుల్లా ఉంటాయి. రానురాను వాటికి కనుబొమలు ముడిపడి, పళ్ళు బయటికొచ్చాయి. "ఈ పులి చూడు చెల్లెమ్మా, మొదట్లో పాలు తాగే పిల్లిలా ఉండేది, ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ నోటీసు అందుకున్నట్టుంది" అన్నారోసారి.

ఒక బీరువా అర నిండా ఒకే జట్టు. అన్నీ నీలమే. ఒకే జట్టుకి ఇన్నెందుకని నేను అడిగాను. ఆయన తడుముకోకుండా, "దసరాకి అమ్మవారి గుడికి రోజూ ఎందుకెళ్తావు? నిన్న చూసిన అమ్మవారే కదా" అన్నారు. ఒకరోజు గాయత్రి, ఒకరోజు అన్నపూర్ణ, ఒకరోజు మహిషాసురమర్దని. అలంకారం మారినప్పుడల్లా మనం కొత్తగా చూడ్డం లేదూ, ఇదీ అంతే అన్నారు. నాకు నవ్వొచ్చింది, బాగానూ అనిపించింది. మా గుంపులో ఒక పెద్దావిడ ఉండేది. కొడుకు దగ్గరుంటుంది, నిప్పులు కడిగే మడి. ఆవిడకి మాత్రం ఒళ్ళు మండింది. ప్లాస్టిక్ చిప్పలకీ జగన్మాతకీ పోలికేమిటి నాయనా అని గట్టిగానే అంది. అన్నయ్యగారు వెంటనే చేతులు జోడించి, "తప్పే పిన్నిగారూ" అని ఒప్పేసుకుని, ఆవిడకి చక్రపొంగలి ఇంకో గరిటె వేయించారు. మరుసటి శనివారం పారాయణం అయ్యాక ఆవిడే కర్ర పట్టుకుని ఆ బీరువా దగ్గరికి నడిచి, పైవరసలో నీలం లేతగా ఉండి కిందివరసలో చిక్కబడిందేమిటని అడిగింది. టీవీలొచ్చాక లేతరంగు తెరమీద తెల్లగా కనిపించేదిట, అందుకు మార్చారుట. ఆవిడ తల ఊపింది. ఆ తరవాత ఆవిడ ఆ బీరువా దగ్గరికి రాని శనివారం లేదు.

ఆయనతో కారెక్కడం ఒక పరీక్ష. నాకు డ్రైవింగ్ రాదు, మావారు ఊళ్ళో లేనప్పుడు కంటి డాక్టరు దగ్గరికైనా గుడికైనా వాళ్ళ కారే. ముందు పోయే బండి వెనక అద్దం మీద ఏ జట్టు స్టిక్కరైనా కనిపిస్తే, అది పాత బొమ్మో కొత్త బొమ్మో తేలేదాకా ఆయనకి స్థిమితం ఉండదు. ఒకసారి గుడికి బయల్దేరి, ఒక ట్రక్కు వెనకే పోయి, ఎక్కడో పశువుల దాణా అమ్మే కొట్టు ముందు తేలాం. వదినగారు ముందుసీట్లో అభిషేకానికి తెచ్చిన పాలగిన్నె ఒళ్ళో పెట్టుకుని, "ఏమండీ, ఇంతకీ కొత్తదా పాతదా?" అంది. పాతదేనట. "అయితే సరే, దాహంగా ఉంది, నీళ్ళేమైనా దొరుకుతాయేమో చూడండి" అంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరిమీదా గొంతు పెంచగా నేను వినలేదు.

ఆ మాట పరీక్షకి నిలిచిన రోజు ఒకటుంది. మహర్నవమి. ఆయుధపూజకి అన్నయ్యగారు కారు తీసుకుని గుడికి వెళ్ళారు. నిమ్మకాయలు తొక్కించుకుని రావాలి, అక్కడ కార్ల వరస హైవే దాకా ఉంటుంది. ఇంట్లో వదినగారు కుట్టుమిషన్‌కి, మిక్సీకి, కత్తిపీటకి, ఆయన లాప్‌టాప్‌కి గంధం కుంకుమ పెట్టింది. అప్పుడు ఆవిడకి బీరువాలు కనిపించాయి. ఈ మనిషి రోజూ ముట్టుకునేవి ఇవే కదా, వీటికి పెట్టకపోతే పూజ ఎలా పూర్తవుతుందని తలుపులు తెరిచి ఒక్కొక్కదానికీ పసుపు, గంధం, కుంకుమ పెట్టింది. జాలీ పైన, సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట. తడిగంధం, మంచి కుంకుమ. తెల్లటి పాత ప్లాస్టిక్ ఎంత పీల్చుకుంటుందో ఆవిడకేం తెలుసు.

నేను తాంబూలం కోసం వెళ్ళేసరికి అన్నయ్యగారు బీరువాల ముందు నిలబడి ఉన్నారు. వదినగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటికే ఆయన ఒకదాన్ని గుడ్డతో తుడిచి చూసినట్టున్నారు. కుంకుమ పోయింది గానీ కింద గులాబిరంగు మచ్చ ఉండిపోయింది. ఆయన అర అరా చూసుకుంటూ చివరిదాకా నడిచారు, మళ్ళీ మొదటికి వచ్చారు. అప్పుడు నావైపు తిరిగి, "చరిత్రలో ఇలాంటిది జరగలేదు చెల్లెమ్మా. అన్ని జట్లూ ఒకే రోజు డిజైన్ మార్చాయి" అన్నారు.

వదినగారికి సంగతి అర్థమై కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన మచ్చలు తీయించలేదు. దాచలేదు. ఎవరైనా వస్తే అన్నిటికంటే ముందు వాటినే చూపించి, ఇవి ఆయుధపూజ తరవాతివి, ఇంకెక్కడా దొరకవు అని చెప్పేవారు. ఒక అమెరికన్ పెద్దమనిషి, ఈయనలాగే పోగేసేవాడు, ఆ మచ్చున్నదొకటి ఇస్తావా అని బతిమాలాడట. ఇవ్వలేదు.

దేశం నలుమూలలా చదువుకుంటున్న మన పిల్లలు, ఇంటర్వ్యూలకనో స్నేహితుల దగ్గరికనో మా ఊరొచ్చి, వారాంతం వాళ్ళింట్లో భోంచేసేవాళ్ళు. స్వీట్లు తేవద్దనీ, మీ ఊరి హెల్మెట్ తెండనీ ముందే చెప్పేవారు. నిజామాబాద్ అమ్మాయి ఒకతె బ్యాగుకి తగిలించుకునే చిన్న హెల్మెట్ తెచ్చింది. "అంకుల్, గిది మీ దగ్గర ఉన్నట్టే ఉన్నది గానీ ఒక్కసారి ముక్కు చూడుండ్రి, గద్దకు ముక్కు పెద్దగైంది" అంది. ఆయన కళ్ళద్దాలు మార్చుకుని చూసి, గద్ద ముక్కు నిజంగానే పెరిగిందని తేల్చి, ఆ పిల్లకి ఆవకాయ జాడీ ఒకటి కట్టించి ఇచ్చారు. వీసా గొడవల్లో ఉన్న పిల్ల. ముక్కు పెరిగినందుకు ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇదంతా ఎలా మొదలైందో ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు. అడిగితే, ఏదో రిటైరయ్యాక పొద్దుపోవాలిగా అనేవారు. నాకు తెలిసింది కూడా అనుకోకుండానే. ఆయన కారులో వినాయకుడి పక్కన చిన్న హెల్మెట్ ఒకటి అతికించి ఉండేది. ముదురాకుపచ్చ డిప్ప, తెల్ల జాలీ, చెవి దగ్గర ఎగురుతున్న పిట్ట. మా టెక్సస్‌లో కరెంటు తీగల మీద వాలే పిట్టే, పొడుగాటి తోక కత్తెరలా రెండుగా చీలి ఉంటుంది. అది మా పిల్లలు చదువుకున్న హైస్కూలు జట్టుది. కంటి డాక్టరు దగ్గర నుంచి వస్తూ, మందు వేయించుకున్న కళ్ళతో చూడ్డానికి ఇంకేం లేక దాన్నే చూస్తూ, మిగతావన్నీ ఇంట్లో ఉంటే ఇదొక్కటే ఇక్కడెందుకుందని అడిగాను. వెనకసీట్లో వదినగారు నిద్రపోతోంది.

ఆయన కొంత దూరం పోయాక చెప్పారు. వాళ్ళ ఒక్కగానొక్క అమ్మాయి ఆ స్కూల్లో పదకొండో తరగతి చదువుతున్న రోజులు. ఒకరోజు సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగారు. పక్కన ట్రక్కులో ఆటగాడొకడు, డాష్‌బోర్డు మీద కొత్త హెల్మెట్. దానిమీద పిట్ట. ఆ పిట్ట ఆయనకి తెలుసు. నెలలపాటు ఇంట్లో ఫ్రిజ్ మీద, లెక్కల పుస్తకాల అట్టల మీద, కిరాణా రసీదుల వెనక అమ్మాయి వేస్తూ పోయిన పిట్టే. స్కూలువాళ్ళు కొత్త బొమ్మ కోసం పోటీ పెడితే అమ్మాయిది ఎంచుకున్నారట. ఆ సంగతి తల్లికి చెప్పింది, తండ్రికి చెప్పలేదు. ఎందుకంటే అప్పట్లో ఆయన బొమ్మలు కనిపిస్తే, లెక్కల టెస్టు ఎప్పుడని అడిగేవారు.

"ఇంటికెళ్ళాను చెల్లెమ్మా. టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. చూశానమ్మా, చాలా బాగా వేశావు అని చెప్దామనే వెళ్ళాను. నోరు తెరిస్తే, లెక్కల టెస్టు ఎప్పుడు అని వచ్చింది."

ఆ తరవాత రేపు చెప్దాం, పరీక్షలయ్యాక చెప్దాం అనుకున్నారు. అమ్మాయి కాలేజీకి వెళ్ళింది, లెక్కల్లోనే పైకొచ్చింది. ఇప్పుడు జెర్సీ సిటీలో ఉంటుంది, రోజూ రైల్లో మన్‌హట్టన్ వెళ్ళి ఇన్సూరెన్సు లెక్కలు కడుతుంది. మళ్ళీ కుంచె ముట్టుకోలేదు. వాళ్ళమ్మ పిట్ట మాట ఎత్తితే విషయం మార్చేస్తుందిట. ఇన్నేళ్ళు పోయాక ఇప్పుడు చెప్తే వింతగా ఉండదా అన్నారాయన. ఆ పిట్ట హెల్మెట్ మీద ఎన్నాళ్ళుంటుందో తెలుసుకోవాలని, వేరే జట్ల బొమ్మలు ఎన్నాళ్ళున్నాయో చూడ్డం మొదలుపెట్టారు. అలా ఒకటి కొన్నారు, రెండు కొన్నారు. "అది ఉన్నన్నాళ్ళూ నాకు వ్యవధి ఉన్నట్టే" అన్నారు. ఫోన్ చేసి చెప్పండి అన్నయ్యగారూ అన్నాను. చెప్తానన్నారు. వెనకసీట్లో వదినగారు నిద్రపోవడం లేదని నాకు అప్పుడే అనుమానం.

ఆ మరుసటి వసంతంలో వార్త వచ్చింది. స్కూలు జట్టుకి కొత్త రూపం ఇస్తున్నారు. పిట్ట పోయి రెండు అక్షరాలు వస్తాయి. స్కూలు బోర్డు సమావేశంలో ఓటు వేస్తారు, ఊళ్ళోవాళ్ళెవరైనా వచ్చి మూడేసి నిమిషాలు మాట్లాడచ్చు. అన్నయ్యగారు పేరిచ్చారు. ఆ రెండు వారాలూ ఆయన పారాయణం అయ్యాక మా ముందు నిలబడి ప్రసంగం సాధన చేశారు. మాలో సగం మందికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పెద్దావిడ ప్రతిసారీ, "గొంతు పెంచు నాయనా, కిందికి చూడకు" అని దిద్దింది.

సమావేశం రోజు రెండు కార్లలో వెళ్ళాం. అందరం పట్టుచీరలు కట్టుకున్నాం. పెద్దల దగ్గరికి పనిమీద వెళ్తూ చేతులూపుకుంటూ వెళ్ళకూడదని వదినగారు రవ్వలడ్డూలు చేసింది. సభ మొదలవకముందే ఆవిడ నేరుగా వేదిక దగ్గరికి నడిచి, మెంబర్ల బల్ల మీద ఒక్కొక్కరి ముందూ కాగితం పళ్ళెంలో రెండేసి లడ్డూలు పెట్టుకుంటూ పోయింది. ఆవిడ దృష్టిలో అది మర్యాద. అధ్యక్షురాలు పాపం మంచి మనిషి, మొహం ఎర్రబడి, ఓటు వేయబోయే ముందు మేం ఏ కానుకా తీసుకోకూడదమ్మా అని చెప్పింది. వదినగారు ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. పళ్ళేలన్నీ తిరిగి డబ్బాలోకి ఎత్తుకుని, "అయితే ఓటయ్యాక తీసుకోవచ్చా?" అని అడిగింది. తీసుకోవచ్చేమో అన్నారు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. కూర్చుని ఫోన్‌లో ఏదో నొక్కుతోంది. ఇక్కడి సమావేశాలు కంప్యూటర్‌లో ఎక్కడినుంచైనా చూడచ్చుట. ఆవిడ కూతురికి ఆ లింకు పంపుతోందని నేను చూశాను, ఊరుకున్నాను.

మాట్లాడేవాళ్ళ బల్ల మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలున్నాయి. ఎరుపు వెలిగితే ఆపేయాలి. అన్నయ్యగారు పళ్ళెంలో ఒకే జట్టువి అయిదు హెల్మెట్లు వరసగా పెట్టుకుని నిలబడ్డారు. ఆకుపచ్చ వెలిగింది. ఇవన్నీ ఒకే జట్టువని చెప్పారు. మార్చిన ప్రతిసారీ కొత్తది బాగుందనే మార్చారు, అందులో తప్పులేదు, నేనూ ఇంజినీరుని, పాత వంతెనలు పడగొట్టి కొత్తవి కట్టాను అన్నారు. కానీ ప్రతి బొమ్మ వెనకా ఎక్కడో ఒక బల్ల దగ్గర కూర్చుని గీసిన మనిషి ఉంటారు, మీ పిట్టని గీసిన మనిషి గురించి చెప్పడానికి వచ్చాను అన్నారు. పసుపు వెలిగింది. సాధన చేసిందంతా మరిచిపోయారు. సిగ్నల్ దగ్గర ట్రక్కు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు ఇంటికెళ్ళి తను అడిగిన ప్రశ్న కూడా చెప్పారు. ఆ పిట్టని వేసింది, అంటూండగా ఎర్రదీపం వెలిగింది.

ఆయన ఆగిపోయారు. జీవితంలో ఎర్రదీపం దాటని మనిషి. నోరు సగం తెరిచి అలాగే నిలబడ్డారు. అధ్యక్షురాలు కాసేపు చూసి, పరవాలేదు సార్, మీ వాక్యం పూర్తి చేయండి అంది.

"మా అమ్మాయి" అన్నారు అన్నయ్యగారు. "చాలా బాగా వేసింది. ఆ మాట నేను తనకి చెప్పలేదు."

వచ్చి కూర్చున్నారు. వదినగారు హెల్మెట్ల పళ్ళెం తన ఒళ్ళోకి తీసుకుని లడ్డూల డబ్బా మీద పెట్టుకుంది.

ఓటు పోయింది. ఇద్దరు తప్ప అందరూ కొత్తదానికే చేతులెత్తారు. నేను లోపల అమ్మవారిని తలుచుకుంటూనే ఉన్నాను. నేను అడిగింది పిట్ట ఉండాలని. ఆవిడ ఇచ్చింది వేరే ఉందని అప్పటికి నాకు తెలియదు. వదినగారు లేచి, ఇప్పుడు తీసుకోవచ్చు కదా అని, లడ్డూలు పంచడం మొదలుపెట్టింది. పిట్ట వద్దన్నవాళ్ళ దగ్గరే మొదలుపెట్టింది. వాళ్ళు తినలేక తినలేక తిన్నారు, తరవాత బాగున్నాయని ఇంకోటి అడిగారు. అన్నయ్యగారు ఈలోగా కొత్త బొమ్మ పటం దగ్గరికి వెళ్ళి, కుడివైపు అక్షరాలు తిరగబడకుండా చూసుకోమని, జాలీ బూడిద రంగులో ఉంటే నిలుస్తుందని అది గీసిన డిజైనర్‌కి చెప్పి వచ్చారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఓడిపోయినవాళ్ళం మేమే అన్నట్టు మేమంతా తలలు వంచుకుని పార్కింగ్‌కి నడిచాం.

కారు దగ్గర వదినగారి ఫోన్ మోగింది. ఆవిడ స్పీకర్ నొక్కి ఆయన చేతిలో పెట్టింది. అవతల రైలు చప్పుడు. ఆఫీసునుంచి ఇంటికెళ్తున్నట్టుంది.

"నాన్నా" అంది అమ్మాయి. "నాన్నా, ఆ బర్డ్ కాళ్ళు రాంగ్. నీకు తెలుసా? ముందుకి ఉన్నాయి. ఎగిరేటప్పుడు వెనక్కి ఉండాలి. నాకు సెవెంటీన్ అప్పుడు, తెలీలేదు. అది హెల్మెట్ మీద పెట్టాక చూశాను. ఐ వాజ్ సో ఎంబరాస్డ్. అందుకే ఎవరైనా దాని గురించి అడిగితే నేను మాట్లాడను."

అన్నయ్యగారు ఫోన్ మొహానికి దగ్గరగా పట్టుకున్నారు.

"నాకు కాళ్ళు కనిపించలేదమ్మా" అన్నారు. "ఎగురుతోంది కదా, అదే చూశాను."

రైలు చప్పుడులో ఆ పిల్ల ముక్కు చీదుకుంది.

"నీకు నచ్చలేదు అనుకున్నాను, నాన్నా."

"లేదమ్మా. ఎర్రలైటు పడింది గానీ, ఇంకా చెప్పేవాణ్ణి."

"సరే. నేను ఫిక్స్ చేస్తాను. కాళ్ళు మళ్ళీ వేసి నీకు పంపిస్తాను. ఓకే? దానికి ఓటు అక్కర్లేదు కదా."

ఆయన సరేనన్నారు. ఫోన్ వదినగారికి ఇచ్చేశారు. ఆ మాటలన్నీ మేమంతా విన్నాం, పార్కింగ్‌లో మాతో పాటు ఇంకో నలుగురు కూడా విని ఉంటారు. అయినా ఆయన మావైపు తిరిగి, "అమ్మాయి ఫోన్ చేసింది. మళ్ళీ బొమ్మ వేస్తుందిట" అని చెప్పారు.

కర్ర పట్టుకుని కారు పక్కన నిలబడ్డ పెద్దావిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏమిటి నాయనా? నాకు సరిగ్గా వినపడలేదు" అంది. మాలో అందరికంటే చెవులు చురుగ్గా ఉన్నది ఆవిడకే.

ఆయన ఇంకోసారి చెప్పారు.